డబ్బాల్లో ఉన్నదానితో ముప్పై రాత్రులు

సున్నా రోజు, ఆదివారం

పోయిన నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాను. యాప్‌లో తెప్పించుకున్న రాత్రి భోజనాలు 21. ఖర్చు 5,870 రూపాయలు. వీటిలో నిజంగా తినాలనిపించి తెప్పించుకున్నవి నాలుగో ఐదో ఉంటాయి. మిగతావన్నీ రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇంట్లో ఏమీ లేదు" అనుకుని పెట్టిన ఆర్డర్లే.

ఏమీ లేదన్న మాట ఎంతవరకు నిజమో చూద్దామని ఇవాళ అలమర ఖాళీ చేసి అన్నీ నేల మీద పరిచాను. సోనామసూరి బియ్యం సగం బస్తా (26 కిలోల బస్తా, 2022లో 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ మీద జీఎస్టీ వేసినప్పటి నుంచి మన బియ్యం బస్తా ఒక కిలో లావెక్కింది). కందిపప్పు, పెసరపప్పు, శనగపప్పు, మినప్పప్పు. బొంబాయి రవ్వ. అటుకులు. ఆదోని నుంచి అమ్మ పంపిన బొరుగులు పెద్ద కవరు నిండా. పుట్నాలు. పల్లీలు. బియ్యప్పిండి, శనగపిండి. నువ్వులు. ఎండుకొబ్బరి చిప్పలు రెండు. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి, పోపు డబ్బా. సేమియా రెండు ప్యాకెట్లు. ఎందుకు కొన్నామో ఇద్దరికీ గుర్తులేని సగ్గుబియ్యం. ఒక ఆవకాయ జాడీ.

ఇది ఏమీ లేని ఇల్లు కాదు. చిన్న కిరాణా కొట్టు.

నా రూమ్మేట్‌ది కరీంనగర్. నాకంటే ఆరేళ్లు చిన్న, అన్నా అని పిలుస్తాడు. ఇద్దరం కలిసి రూల్స్ రాసుకున్నాం. ముప్పై రోజులు రాత్రి వంట అలమరలో ఉన్నవాటితోనే. బయటి నుంచి ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, టమాటా, కరివేపాకు, కొత్తిమీర, నిమ్మకాయలు, గుడ్లు, పెరుగు మాత్రం తెచ్చుకోవచ్చు. వంటింట్లో కాలు పెట్టగానే ఫోన్లో టైమర్ నొక్కాలి. 25 నిమిషాల్లో కంచంలో అన్నం ఉండాలి. యాప్‌లో ఆర్డర్ వచ్చేది 35 నిమిషాలకు. దానికన్నా ముందే రావాలన్నది లెక్క.

రవ్వ డబ్బాలో పురుగు కనిపించింది. జల్లెడ పట్టి చూస్తే బాగుచేసే స్థాయి దాటిపోయింది. పారేశాను. మొదటి నష్టం అరకిలో రవ్వ.

1వ రోజు

పారేసినదానికి బదులు కొత్త రవ్వ కొని, ముందుగా మొత్తం వేయించేశాను. అమ్మ ఎప్పుడూ అలాగే చేస్తుంది. వేయించి చల్లార్చి డబ్బాలో పోస్తే పురుగు త్వరగా పట్టదు, ఉప్మా చేసే రోజున ఆరేడు నిమిషాలు కలిసొస్తాయి కూడా. ఈ వేయించడం టైమర్‌లో కలపాలా వద్దా అని పెద్ద చర్చ. కలిపాం.

ఉప్మాకి ఒక గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు పోశాను. గట్టిగా, ఉండలు ఉండలుగా వచ్చింది. రవ్వ ఒక్కసారే కుమ్మరించడం ఒక తప్పు, నీళ్లు తక్కువ కావడం ఇంకో తప్పు. మా ఇద్దరికీ నచ్చే జారుడు ఉప్మాకి మూడు గ్లాసులు కావాలి. 31 నిమిషాలు.

ఆవకాయ నంజుకుని తినేశాం.

2వ రోజు

ఈ రోజు గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే చాలా ఘోరంగా పోయింది.

పప్పుచారు అనుకున్నాను. తెలివిగా అంతా ఒకేసారి అయిపోవాలని కందిపప్పు, టమాటా, చింతపండు రసం, పసుపు అన్నీ కుక్కర్లో వేసి మూత పెట్టేశాను. నాలుగు విజిల్స్. తీస్తే పప్పు పప్పులాగే ఉంది. ఇంకో నాలుగు. గరిటెతో నొక్కితే గింజ పక్కకు జారిపోతోంది తప్ప మెదగట్లేదు. మొత్తం 52 నిమిషాలయ్యాక, పైన పుల్లటి నీళ్లు, అడుగున గులకరాళ్ల లాంటి పప్పుతో అన్నం తిన్నాం. రూమ్మేట్ మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు.

అమ్మకు ఫోన్ చేస్తే మొత్తం వినకముందే అడిగింది. "పులుపు ముందే ఎందుకేసినావురా? పప్పు మెత్తగా ఉడికినాక కదా చింతపండు పొయ్యాల్సింది!"

3వ రోజు

అమ్మ చెప్పింది నిజమే కానీ, తప్పు పులుపుదేనా, నీళ్లదా, పప్పుదా? మా అపార్ట్‌మెంటుకు వచ్చేది బోరు నీళ్లు, బకెట్ అంచు మీద తెల్లగా పేరుకునే రకం. పప్పు ప్యాకెట్ మీద తేదీ చూస్తే పద్నాలుగు నెలల కిందటిది.

అందుకని మూడు చిన్న స్టీలు గిన్నెలు తీసుకుని, ఒక్కోదాంట్లో 50 గ్రాముల కందిపప్పు వేసి, అన్నిటినీ 20 నిమిషాలు నానబెట్టాను. మొదటిదాంట్లో ఫిల్టర్ నీళ్లు. రెండోదాంట్లో బోరు నీళ్లు. మూడోదాంట్లో ఫిల్టర్ నీళ్లలో పిసికిన చింతపండు రసం. మూడూ ఒకే పెద్ద కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్.

మొదటి గిన్నెలో పప్పు గరిట వెనకవైపుతో రుద్దగానే మెదిగింది. రెండోదాంట్లో సగం మెదిగింది, సగం గింజల్లాగే మిగిలింది. మూడోది మళ్లీ నిన్నటి గులకరాళ్లే.

కారణం ఇదీ. పప్పు గింజలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పదార్థం పెక్టిన్. అది కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు ఉంటే అది సరిగా కరగదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం దాన్ని ఇంకా బిగిస్తుంది. వేడిలో, తేమలో నెలల తరబడి పడున్న పప్పు కూడా గట్టిపడుతుంది. నేను రెండో రోజు ఈ మూడు తప్పులూ ఒకే కుక్కర్లో చేశాను. చిటికెడు వంటసోడా వేస్తే తొందరగా ఉడుకుతుందని ఆఫీసులో ఒకరన్నారు. ఉడుకుతుంది, కానీ ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, బీ1 విటమిన్ కూడా పోతుంది. నాకొద్దు.

ఇవాళ్టి భోజనం: మొదటి గిన్నె పప్పులో నెయ్యి, ఉప్పు. ముద్దపప్పు, ఆవకాయ. ప్రయోగం వల్ల టైమర్ పెట్టలేదు. రూమ్మేట్ దీన్ని పాస్ అని రాశాడు.

4వ రోజు

పెసరపప్పుకు మారాను. నానబెట్టే పని లేదు, కుక్కర్లో రెండు విజిల్స్ చాలు. పక్క పొయ్యి మీద అన్నం. పప్పు దించి, నాలుగు పచ్చిమిర్చి చీలికలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకుతో తిరగవాత. అమ్మ తిరగవాత అంటుంది, రూమ్మేట్ పోపు అంటాడు, విజయవాడ వైపు స్నేహితులు తాలింపు అంటారు. ఆవాలు చిటపటలాడితే అన్నీ ఒకటే. 24 నిమిషాలు. మొదటిసారి లోపల పడ్డాం.

5వ రోజు, ఉగ్గాణి

ఆదోనిలో పుట్టినవాడికి ఇది వంట కిందే లెక్క కాదు. పొద్దున బండి దగ్గర పేపర్లో కట్టించుకుని, పక్కన మిరపకాయ బజ్జీతో తినేది. కర్నూలు, అనంతపురం, అటు బళ్లారి దాకా ఇదే టిఫిన్. బజ్జీ లేకుండా ఉగ్గాణి పెడితే మా ఊళ్లో చుట్టరికాలు తెగిపోతాయి. ఇవాళ బజ్జీ లేదు, పైగా రాత్రి. ఊళ్లో ఎవరికీ చెప్పకండి.

దీన్ని నేను చిన్నప్పటి నుంచీ వేలసార్లు తిన్నాను, ఒక్కసారీ చేయలేదు. మొదటి విడత బొరుగులను గిన్నెలో నీళ్లు పోసి వదిలేసి ఉల్లిపాయలు తరగడానికి వెళ్లాను. మూడు నిమిషాల తర్వాత వచ్చేసరికి తెల్లటి ముద్ద. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ నవ్వింది. "అంతసేపు నానితే అది ఉగ్గాణి కాదురా, గంజి."

పద్ధతి తిరగేయాలి. ముందు పోపు, తర్వాత బొరుగులు. మూకుట్లో మూడు గరిటెల నూనె, ఆవాలు, శనగపప్పు, గుప్పెడు పల్లీలు. పల్లీలు ఎర్రబడ్డాక రెండు పెద్ద ఉల్లిపాయలు, కచ్చాపచ్చాగా దంచిన పచ్చిమిర్చి ఆరు, కరివేపాకు, పసుపు. ఉల్లిపాయ మెత్తబడి, ఇంకా రంగు మారకముందే ఒక టమాటా. అది మగ్గుతుండగా బొరుగులను పెద్ద బేసిన్‌లో నీళ్లలో ముంచాలి. ముంచడం అంటే అరచేత్తో కిందికి నొక్కి, అటూ ఇటూ ఒకసారి తిప్పి, వెంటనే రెండు చేతులతో గుప్పిళ్లుగా తీసి పిండి పక్కన వేయడం. ఎక్కువ పిండితే పిండి పిండి అవుతుంది, తక్కువ పిండితే అడుగంటుతుంది. పిండాక గుప్పిట తెరిస్తే బొరుగులు ఉండగా నిలబడకుండా మెల్లగా విడిపోవాలి. మా బొరుగులు లావుగా, కాస్త ఉప్పగా ఉంటాయి, అందుకే ఉప్పు చివర్లో రుచి చూసి వేసుకోవడం మేలు.

స్టవ్ మంట తగ్గించి బొరుగులు కలిపి, పైన పప్పుల పొడి. మేము పుట్నాలను పప్పులు అంటాం. పుట్నాలు, ఎండుకొబ్బరి, రెండు వెల్లుల్లి రెబ్బలు మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే పొడి. ఇది బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చేస్తుంది. రుచి సగం ఇందులోనే ఉంది. నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి దించడమే.

రెండో విడతకు టైమర్ మళ్లీ మొదటి నుంచి పెట్టాను. 14 నిమిషాలు. రూమ్మేట్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. "గిది మా దగ్గర ఎందుకు దొరకది అన్నా?" అన్నాడు.

6వ రోజు

ఆఫీసులో పని తొమ్మిదిన్నర దాకా సాగింది. బిర్యానీ తెప్పించుకున్నాం. సిగ్గుపడట్లేదు.

7వ రోజు, ఆదివారం

వారం లెక్క చూస్తే ఒక విషయం తేలింది. పొయ్యి మీద పోతున్న సమయం తక్కువ. చింతపండు నానబెట్టడం, పిసకడం, పిప్పి తీయడం, మిక్సీ కడగడం, ఏం చేద్దామని అలమర ముందు నిలబడటం, వీటికే పన్నెండు పదమూడు నిమిషాలు పోతున్నాయి. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలు వీటి కోసమే పెట్టాను. రూమ్మేట్ అభ్యంతరం: "ఇది మోసం అన్నా, ఆదివారం టైమ్‌ని దొంగతనం చేసి సోమవారానికి ఇస్తున్నవ్." నిజమే. అమ్మలందరూ ఇదే దొంగతనం చేస్తారు.

చింతపండు గుజ్జు: పావుకిలో కొత్త చింతపండు, గింజలు, నారలు ఏరి, మునిగేంత వేడినీళ్లలో అరగంట. చల్లారాక చేత్తో బాగా పిసికి జల్లెడలో వడకట్టాను. మూకుట్లో పావు గ్లాసు నూనె, పసుపు, ఉప్పు వేసి చిన్న మంట మీద గరిట వేస్తే దారి కనబడేంత చిక్కగా ఉడికించాను. నలభై నిమిషాలు పట్టింది. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. తడి గరిట పెడితే చేతులు విరగ్గొడతానని రూమ్మేట్‌కు వార్నింగ్. వంటల్లో "నిమ్మకాయంత చింతపండు" అంటారు కదా, నా కాటా మీద మా ఇంటి నిమ్మకాయంత ఉండ 22 గ్రాములు తూగింది. ఆ లెక్కన ఒకటిన్నర చెంచా గుజ్జు ఒక పూట చారుకు సరిపోతోంది.

కందిపొడి: ఒక గ్లాసు కందిపప్పు (ఆ పద్నాలుగు నెలల ముసలి పప్పు ఇక్కడ బ్రహ్మాండంగా పనికొచ్చింది, ఉడకాల్సిన పనే లేదుగా), పావు గ్లాసు శనగపప్పు, పది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర. అన్నీ ఒకేసారి వేయిస్తే మిర్చి మాడి పప్పు పచ్చిగా ఉంటుంది. విడివిడిగా, చిన్న మంట మీద, పప్పు గోధుమరంగుకు తిరిగి కమ్మటి వాసన వచ్చేదాకా. నాకు పదకొండు నిమిషాలు. చల్లారనివ్వకుండా మిక్సీ పట్టాను, మిక్సీ జార్ మూత కింద ఆవిరి చేరి అంచుల్లో ముద్ద కట్టింది. మళ్లీ మూకుట్లో వేసి ఆరబెట్టాల్సి వచ్చింది.

నువ్వుల పొడి, పప్పుల పొడి కూడా చిన్న సీసాల్లో పోశాను. కరివేపాకు కడిగి, తుడిచి, ఆరబెట్టి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. అన్ని డబ్బాలకూ లేబుళ్లు అతికించాను. అలమర ఇప్పుడు ఫార్మసీ లాగా ఉంది.

8వ రోజు

కందిపొడి, నెయ్యి, అన్నం, పచ్చి ఉల్లిపాయ. టైమర్ 19 అని చూపించింది, అందులో పద్దెనిమిది కుక్కర్లో అన్నం కోసమే.

9వ రోజు, పచ్చిపులుసు

ఇవాళ వంట నాది కాదు. నేను చారు కాస్తానంటే రూమ్మేట్ నన్ను పక్కకు జరిపాడు. "పచ్చిపులుసుకు పొయ్యి ముట్టిచ్చుడు ఎందుకే అన్నా?"

పూర్తిగా పొయ్యి లేకుండా కాదు. మూడు పచ్చిమిర్చిని పుల్లకు గుచ్చి మంట మీద తొక్క నల్లబడేదాకా కాల్చాడు. తర్వాతదంతా చేతి పనే. గిన్నెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, కాల్చిన మిర్చి, ఉప్పు, జీలకర్ర వేసి వేళ్లతో గట్టిగా నలిపాడు. ఉల్లిపాయ నీరు వదిలి, మిర్చి కారం దానికి పట్టేదాకా నలుపుతూనే ఉన్నాడు. దాని మీద గుజ్జు, రెండు గ్లాసుల చల్లటి నీళ్లు, చిన్న బెల్లం ముక్క, రెండు చెంచాల నువ్వుల పొడి, కొత్తిమీర. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెయ్యి ఆపలేదు. పక్కన కుక్కర్లో బియ్యం, పెసరపప్పు, పసుపు, ఉప్పుతో కిచిడీ ఉడుకుతోంది. కిచిడీ వేడిగా, పులుసు చల్లగా. కాలిన మిర్చి వాసన ఒక్కటి చాలు.

22 నిమిషాలు. వాడి మొదటి వంట ఇప్పటిదాకా నేను చేసిన వంటలన్నిటినీ దాటేసింది. అసూయగా ఉందని ఒప్పుకుంటున్నాను.

10 నుంచి 13

సేమియా ఉప్మా (బాగుంది, చెప్పుకోవడానికేం లేదు). నిమ్మకాయ అన్నం. శనగపిండి అట్టు: పిండి, వాము, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పల్చగా జారేలా కలపాలి, మొదటి అట్టు ఎప్పుడూ పెనానికే నైవేద్యం. గుడ్డు ఉల్లికారం: ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిర్చి, అరచెంచా గుజ్జు కచ్చాపచ్చాగా రుబ్బి, నూనె తేలేదాకా వేయించి, ఉడికించిన గుడ్లకు గాట్లు పెట్టి అందులో దొర్లించడం. ఈ చివరిది 21 నిమిషాలు, నెలలో నేను నాలుగుసార్లు చేసుకున్నాను.

14వ రోజు, సర్వపిండి

కిచిడీ గెలుపుతో రూమ్మేట్‌కు ఉత్సాహం వచ్చింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, వేయించి నలగ్గొట్టిన పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి, వేడినీళ్లతో ముద్ద చేశాడు. లోతైన గిన్నె లోపలంతా నూనె పూసి, ముద్దను అడుగున, పక్కల మీదికి పల్చగా ఒత్తాడు. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె. మూత, చిన్న మంట. పది నిమిషాలకు అంచులు గిన్నెను వదిలి లేచాయి.

ఇబ్బంది రెండోదాంతో వచ్చింది. గిన్నె కాలుతుంటే పిండి ఒత్తడం కుదరదు. వాళ్లమ్మ రెండు గిన్నెలు మార్చి మార్చి వాడేవారట. మాకున్నది ఒక్కటే. ప్రతిసారీ దాన్ని బోర్లించి వెనకవైపు నల్లా కింద పట్టి చల్లార్చి, తుడిచి, మళ్లీ నూనె. నాలుగు సర్వపిండ్లకు 55 నిమిషాలు. పోటీ లెక్కలో ఫెయిల్. కరకరలాడే ఆ అడుగు ముక్క కోసం ఇద్దరం నిజంగా కొట్టుకున్నాం. దీన్ని వారం మధ్యలో చేయకూడదని, ఆదివారం మానకూడదని తీర్మానం.

16వ రోజు, పులిహోర

పొద్దున మిగిలిన అన్నం ఫ్రిజ్‌లో ఉంది. గుజ్జు మూడు చెంచాలు, పోపు, పల్లీలు, ఇంగువ. 11 నిమిషాలు, ఇప్పటిదాకా రికార్డు. ఒక జాగ్రత్త మాత్రం పాటిస్తున్నాం. మిగిలిన అన్నాన్ని కుక్కర్లోనే సాయంత్రం దాకా బయట ఉంచట్లేదు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, గది వేడిలో గంటల తరబడి ఉంటే పెరిగి విషం తయారు చేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే పొద్దున వెడల్పు పళ్లెంలో పరిచి, చల్లారగానే ఫ్రిజ్‌లోకి.

18వ రోజు

మళ్లీ ఆర్డర్. కారణం అలసట కాదు. గొడవ. ఎవరు గిన్నెలు కడగాలన్న దాని మీద. రూల్స్‌లో ఆ సంగతి రాయనేలేదు. ఇప్పుడు రాశాం: వండినవాడు కడగడు.

ఆ దెబ్బతో గిన్నెలు తక్కువయ్యే వంటల మీద ఇద్దరికీ ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

22వ రోజు

ఎనిమిదీ నలభైకి గ్యాస్ అయిపోయింది. 14.2 కిలోల సిలిండర్ ఒక్కటే ఉంది, ఇంకోటి బుక్ చేయాలని నాలుగు రోజులుగా అనుకుంటూనే ఉన్నాం. ఇండక్షన్ స్టవ్ లేదు. పొయ్యి మీద సగం వేడెక్కిన నీళ్లు.

అలమర తెరిచి ఆలోచిస్తే, మంట అక్కర్లేనివి చాలానే ఉన్నాయి. అటుకులు తయారీలోనే వేడి తగిలి అణిగినవి, నీళ్లు తగిలితే చాలు. పుట్నాలు ముందే వేయించినవి. లావు అటుకులు కడిగి పది నిమిషాలు ఉంచి, చిలికిన పెరుగు, ఉప్పు, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపాను. పోపు లేదు కాబట్టి కరకరకు పుట్నాలు, ఆదివారం వేయించిన పల్లీలు. పక్కన ఆవకాయ. 13 నిమిషాలు, కడగాల్సినవి ఒక గిన్నె, రెండు కంచాలు.

అటుకులు పెరుగును పీలుస్తూనే ఉంటాయి, తినేలోపు గట్టిపడ్డాయి. అర గ్లాసు పాలు పక్కన పెట్టుకోవాల్సింది.

24వ రోజు

స్నేహితుడి పెళ్లి రిసెప్షన్. అక్కడే తిన్నాం. లైన్లో నిలబడింది 40 నిమిషాలు, టైమర్ పెట్టాను.

26వ రోజు

అమ్మ వచ్చింది. పొద్దున రైలు దిగి, నేను ఆఫీసుకు వెళ్లాక, ఖాళీగా కూర్చోలేక అలమర సర్దింది. సాయంత్రం వచ్చి చూస్తే లేబుళ్లన్నీ పీకేసి ఉన్నాయి. ఆవాలు పాత టీపొడి డబ్బాలో. శనగపిండి బోర్న్‌విటా డబ్బాలో. నా ఫార్మసీ కాస్తా మా ఆదోని వంటిల్లు అయిపోయింది.

"లేబుళ్లు ఎందుకమ్మా తీసేశావు?"

"డబ్బా ఎత్తితే బరువును బట్టి తెల్వదా?"

తెలియదు. నాకైతే తెలియదు. ఆమెకు తెలుసు. మూత తీయకుండా డబ్బా చెవి దగ్గర ఆడించి ఇది మినప్పప్పు, ఇది పెసరపప్పు అని చెప్పింది. మూడుసార్లు పరీక్ష పెట్టాను, మూడూ కరెక్టే.

రాత్రి నేనే వండుతానన్నాను. కందిపప్పు స్నానానికి వెళ్లేముందు వేడినీళ్లలో నానబోశాను, ఫిల్టర్ నీళ్లతో నాలుగు విజిల్స్, పులుపు చివర్లో. పప్పుచారు. అమ్మ స్టూలు మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడకుండా చూసింది, అదే టెన్షన్. పోపులో మెంతులు రెండు గింజలు ఎక్కువయ్యాయని వాసనతోనే కనిపెట్టింది. 26 నిమిషాలు. ఒక్క నిమిషంతో పోయింది. నానబెట్టిన సమయం లెక్కలోకి రాదు, చేతులు ఆడేదే లెక్క అని రూమ్మేట్‌తో వాదించి గెలిచాక కూడా. అమ్మ రెండోసారి వడ్డించుకుంది. మెంతుల సంగతి మాత్రం ఫోన్లో అక్కకు కూడా చెప్పింది.

30వ రోజు

లెక్కలు. ముప్పై రాత్రుల్లో ఇంట్లో వండినవి 27. ఆర్డర్లు రెండు, పెళ్లి ఒకటి. 25 నిమిషాల లోపు పూర్తయినవి 21 (మూడో రోజు రూమ్మేట్ ఇచ్చిన పాస్‌తో కలిపి). అన్నిటికన్నా వేగంగా అయింది పులిహోర, అన్నిటికన్నా ఆలస్యమైంది సర్వపిండి. ఎక్కువసార్లు చేసింది గుడ్డు ఉల్లికారం. కూకట్‌పల్లి రైతుబజారులో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, ఆకులకు, వీధి చివర కొట్లో గుడ్లు, పెరుగు, రవ్వకు, అంతా కలిపి 1,940 రూపాయలు. ఆ రెండు ఆర్డర్లు 610. అలమరలో ముందే ఉన్నవాటి ఖరీదు ఇందులో కలపలేదు, కలిపితే తేడా ఇంత ఘనంగా కనబడదు.

గుజ్జు రెండుసార్లు, కందిపొడి మూడుసార్లు చేయాల్సి వచ్చింది. బొరుగులు ఇరవయ్యో రోజుకే అయిపోయాయి, అమ్మ వస్తూ ఇంకో కవరు తెచ్చింది.

ఇవాళ రాత్రి కిచిడీ, పచ్చిపులుసు. ఈసారి నలిపింది నేను. గంట దాటినా వేళ్లు మండుతున్నాయి, కళ్లు తుడుచుకోకుండా మోచేత్తో టైప్ చేస్తున్నట్టుంది. రూమ్మేట్ రుచి చూసి "పర్వాలేదు అన్నా" అన్నాడు. వాడి భాషలో అది పదికి ఏడు.

అలమరలో చెయ్యి పెట్టనిది ఒక్కటే మిగిలింది. సగ్గుబియ్యం. కర్రపెండలం నుంచి వస్తుందని తెలుసు, వడలు చేస్తారని తెలుసు, నాలుగైదు గంటలు నానాలని కూడా తెలుసు. ఆదివారం పొద్దున నానబోస్తానని రూమ్మేట్ డబ్బా తీసి గట్టు మీద పెట్టాడు. లేబుల్ లేదు. ఆడించి చూశాను. సగ్గుబియ్యమే అనుకుంటున్నాను.